తేనెచెక్క నుసి

ఆ పట్టణంలో వడ్రంగం చేసేవాళ్ళందరికీ ఆమె చెక్కలక్క. తనకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. ఒక్క బొంగరాల బాబాయి మాత్రం "అమ్మాయ్" అనేవాడు.

పెళ్ళికి ముందునుంచీ ఆమె ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీలో కలప సరిచూసే పని చేసింది. లారీల్లో దిగిన పలకలు పనికి సరిపడా ఆరాయా లేదా, లోపలి గట్టి చేవ ఎంత, పైనున్న మెత్తటి తెల్లకర్ర ఎంత, పగులు ఎక్కడ దాక్కుని ఉంది అన్నది చూసి చెప్పేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంటి ముందుగదిలో కుర్చీలూ బల్లలూ బాగుచేసే పని పెట్టుకుంది. వెనకగది మాత్రం చెక్కముక్కలతో నిండిపోయింది. గోడ పొడుగునా అరలు, అరల్లో అరచేయంత ముక్కలు, ప్రతి ముక్క వెనకా పెన్సిలుతో రాసిన పేర్లు. ఒకే చెక్కకి కలప అడితివాళ్ళు ఒక పేరు చెబితే లారీవాళ్ళు ఇంకో పేరు చెప్పేవారు, కొన్నవాడు ఇంటికెళ్ళేలోగా మూడో పేరు పుట్టేది.

"మా ఆవిడకి ఇంట్లో ఉప్పెంతుందో తెలీదుగానీ, ఏ చెక్కలో నీళ్ళెంతున్నాయో మాత్రం బాగా తెలుసు" అని టైర్ల దుకాణంలో పనిచేసే భర్త నవ్వేవాడు. వంటింటి తూకం, వంటింటి ఓవెన్ రెండూ ఎప్పుడో వెనకగదికి కాపురం వెళ్ళిపోయాయి.

ఆ గదిలోంచి పుట్టిందే ఇంటర్‌నెట్‌లో ఆమె పెట్టిన పేజీ. వానల్లో చేసిన బల్ల ఎండల్లో పగిలితే వడ్రంగులు తమ చేతినే తిట్టుకోవడం ఆమె చాలాసార్లు చూసింది. తప్పు చేతిది కాదు, ఆ చెక్క ఎంత ముడుచుకుంటుందో ముందు తెలియకపోవడానిది. ఆ సంగతులు చెప్పే పుస్తకాల ఖరీదు వింటేనే గుండె గుభేలుమనేది. కలప మీద పరీక్షలు చేసే పెద్ద సంస్థలు కొన్ని తమ ఫలితాలను ఎవరైనా చూసుకునేలా ఇంటర్‌నెట్‌లో ఉచితంగానే పెట్టాయి. కానీ ఆ రాత కొరుకుడు పడేది కాదు. చెక్కలక్క వాటిని ముందేసుకుని కూర్చుంది. అర్థమైనంతవరకు మామూలు మాటల్లోకి మార్చింది. వాటిలో దొరకని చెక్కల్ని తనే తూచి, నానబెట్టి, ఆరబెట్టి, కొలిచింది. తమ్ముడు సైటు తయారుచేసి పెట్టాడు. ఏ చెక్క ఎంత బరువు, ఎంత ఉబ్బుతుంది, మేకు దిగితే చీలుతుందా, జిగురు పడుతుందా, ఏ పాలిష్ మెరుస్తుంది, దాని నుసి మనిషికి హాని చేస్తుందా, అన్నీ గడులు గీసిన పట్టికలో ఉంటాయి. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా ఫోన్‌లో చూసుకోవచ్చు.

మూడేళ్ళు తిరిగేసరికి ఆ పేజీ చూడకుండా అడితికి వెళ్ళే వడ్రంగి లేకుండా పోయాడు. ఆమెకి అది గర్వంగానే ఉండేది. గర్వపడేంత పనే అది.

చివరి గడి ఒక్కటే ఆమె చేతిలో లేనిది. బరువు తూచొచ్చు, ఉబ్బు కొలవొచ్చు. నుసి ఎవరి ఊపిరిని పట్టుకుంటుందో వెనకగదిలో కూర్చుని ఎలా తేలుస్తుంది? పేరున్న చెక్కలకి సంస్థల ఫలితాలు దొరికాయి. అడితికి కొత్తగా వచ్చే, అసలు పేరేమిటో ఎవరికీ తెలియని చెక్కలకి ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. తేనెచెక్క అలాంటిదే. తేనెరంగులో, నునుపుగా, చెక్కని గుండ్రంగా తిప్పే లేత్ మిషన్ మీద వెన్నలా తెగుతుందని అందరూ దానికోసం ఎగబడ్డారు.

వడ్రంగుల సంఘం వార్షిక సమావేశంలో ఆమెకు సన్మానం చేస్తామన్నారు. పేజీని పెద్ద తెరమీద చూపిస్తామనీ చెప్పారు. ఆ ముందురోజు సాయంత్రం ఆమె పేజీని పైనుంచి కిందికి ఒకసారి చూసుకుంది. నిండిన గడుల మధ్య ఖాళీలు పళ్ళూడిన నోరులా కనిపించాయి. తేనెచెక్కని తను రెండుమూడుసార్లు కోసింది, ముక్కులో దురద కూడా రాలేదు. "హాని లేదు" అని కొట్టింది. అదే ఊపులో మిగతా ఖాళీల్లో కూడా అదే మాట పెట్టేసింది. రేపు చూపించాక తీరిగ్గా చూసుకుందాంలే అనుకుంది. ఆ తీరిక ఆ తర్వాత వచ్చిన ఏ వారంలోనూ రాలేదు. సంఘంవాళ్ళు ఆ సమావేశాన్ని, చివరి నిమిషంలో హాలు చేజారడంతో, వాయిదా వేశారు. ఎండలు పోయి వానలు వచ్చాయి, వానలు కూడా వెనకబట్టాయి. గడి మాత్రం అలాగే ఉండిపోయింది.

సమావేశం చివరికి ఒక స్కూలు హాల్లో జరిగింది. ఆమెని వేదిక మీద కూర్చోబెట్టారు. అధ్యక్షుడు చెక్క నునుపు చేసే కొత్త చిత్రికను పెట్టెలో పెట్టి ఇచ్చాడు. చప్పట్లు కొట్టారు. అప్పుడు ముందువరుసలోంచి బొంగరాల బాబాయి లేచాడు.

ఆయన లేత్ మీద గిన్నెలు, కుర్చీకాళ్ళు, బొంగరాలు తీసేవాడు. బొంగరాలకే పేరు. సన్నటి మనిషి, పొట్టి, చేతులు మాత్రం తనకంటే పెద్ద మనిషివి తెచ్చి తగిలించుకున్నట్టు ఉంటాయి. మైకు అందుకోబోయి దగ్గాడు. దగ్గు ఆగేదాకా హాలంతా ఎదురుచూసింది.

"వయసైపోతోందిలెండి, ఊపిరి మొరాయిస్తోంది" అన్నాడు నవ్వుతూ. "నాకు మాట్లాడ్డం రాదు. ఒక్క సంగతి చెప్పి కూర్చుంటా. నేను జన్మంతా నుసికి భయపడ్డాను. మా నాన్న నుసివల్లే పోయాడు. అందుకని మూతికి గుడ్డ కట్టుకునే పనిచేసేవాణ్ణి. ఎండాకాలం ఆ గుడ్డతో ఎంత ఉక్కో మీకు తెలుసు. ఈ అమ్మాయి పేజీలో తేనెచెక్కకి హాని లేదని చూశాక, ఇక వేరే చెక్క ముట్టలేదు. గుడ్డ తీసి పారేశా. హాయిగా పనిచేసుకుంటున్నా. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పా. ఈ పిల్ల చల్లగా ఉండాలి."

మళ్ళీ దగ్గొచ్చింది. ఈసారి పక్కవాడు వీపు రాశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

చెక్కలక్క ఒళ్ళో పెట్టె అలాగే ఉంది. ఆయన దగ్గు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకి ఆ క్షణానే అర్థమైపోయింది, లేదా అర్థమైందని భయం వేసింది. రెండూ ఒకటే. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. "బాబాయీ, అది నేను ఊహించి రాసింది" అని. మైకు ఆమె ముందే ఉంది. అధ్యక్షుడు "రెండు ముక్కలు మాట్లాడక్కా" అన్నాడు కూడా. ఆమె లేచింది.

"అందరికీ థాంక్స్" అని కూర్చుంది.

సిగ్గుపడుతోందని అనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. సిగ్గుపడుతున్న మాట నిజమే.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా వెనకగదిలోకి వెళ్ళి పేజీ తెరిచింది. తేనెచెక్క ఎదురుగా ఉన్న "హాని లేదు" తీసేసి "తెలియదు" అని పెట్టింది. మిగతావి కూడా అలాగే మార్చింది. మార్చినట్టు ఎక్కడా రాయలేదు. గుట్టుచప్పుడు కాకుండా పని ముగించి, చేతులు కడుక్కుని, కూర తరగడానికి కూర్చుంది.

"సన్మానం బాగా జరిగిందా?" అని అడిగాడు భర్త.

"ఆఁ" అంది. ఆ పూట ఆయన ముఖంలోకి చూడలేదు.

తప్పు దిద్దేశానుగా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఎవరు చూస్తారు, ఎవరికి గుర్తుంటుంది అనుకుంది. బాబాయికి ఫోన్ చేయడానికి ఫోన్ తీసేది, పెట్టేసేది. కుర్చీ బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు "నీ పేజీ భలే ఉందక్కా" అంటే, దొంగసొమ్ము దాచుకున్నదానిలా తల దించుకునేది.

కొన్నాళ్ళకి బాబాయి భార్య దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మాయ్, నేను బొంగరాల బాబాయి ఇంటినుంచి. ఏం అనుకోకు, పనిమీదున్నావేమో."

"లేదు పిన్నీ, చెప్పండి."

"మీ బాబాయి మెట్లెక్కలేకపోతున్నాడు. డాక్టరుకి చూపించాం. ఏదో గొట్టంలోకి ఊదించారు. ఆ నుసే పడట్లేదు, మానెయ్యమన్నాడు డాక్టరు. ఈయన వింటేగా. డాక్టరుకి చెక్క గురించి ఏం తెలుసు, చెక్కలక్క హాని లేదని రాసింది అంటాడు. నువ్వైనా చెప్పమ్మా. నీ మాటైతే వింటాడు. ఇంకేదో చెక్క అయ్యుంటుందేమో, వచ్చి చూసి చెప్పు."

"వస్తాను పిన్నీ" అని మాత్రం అంది చెక్కలక్క.

ఫోన్ పెట్టేశాక గుమ్మంలో కూలబడింది. అప్పుడే భోజనానికి వచ్చిన భర్త కంగారుపడ్డాడు. ఆమె మొదటినుంచీ చెప్పింది. గడి నింపిన సాయంత్రం, సన్మానం, చప్పట్లు, మార్చిన సంగతి, అన్నీ. ఆయన విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకున్నాడు.

"నేను కూడా రానా?"

"వద్దు. నువ్వుంటే నీ వెనక దాక్కుంటాను."

లేత్ ఉన్న షెడ్డు ఆ ఇంటి పక్కనే, రేకుల కప్పుతో, ఒకవైపు పూర్తిగా తెరిచి ఉంటుంది. ఆమె వెళ్ళేసరికి బాబాయి బొంగరం తీస్తున్నాడు. తేనెరంగు పొట్టు ఉలి మీదనుంచి రిబ్బన్లా జారి ఆయన పాదాల మీద పడుతోంది. వెలుతురు పడినచోట నుసి సన్నగా తేలుతోంది. ఆయన మూతికి గుడ్డ లేదు.

"రా అమ్మాయ్, రా. మీ పిన్ని నీదాకా తెచ్చిందన్నమాట" అని మిషన్ ఆపాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "స్టూలు మీద కూర్చో. పొట్టు దులుపుకో."

ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"బాబాయీ, ఈ చెక్క ఆపెయ్యండి" అంది చెక్కలక్క.

"అదేంటి? హాని లేదని నువ్వే రాశావుగా."

"ఇప్పుడు ఆపెయ్యండి. మిగతాది చెబుతా."

"ఉండు, ఉండు. చూపిస్తా" అంటూ ఆయన జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళజోడు పెట్టుకున్నాడు. పేజీని పైకీ కిందికీ జరిపాడు. తేనెచెక్క దగ్గర ఆగాడు. దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. నుదుట మడతలు పడ్డాయి.

"తెలియదు అనుంది" అన్నాడు మెల్లగా.

"ఏదీ?" అని భార్య ఫోన్ లాక్కుంది. చదివింది. ఆమె కోపమంతా ఒక్కసారిగా మొగుడి మీదకి మళ్ళింది. "తెలియదు అని ఇంత స్పష్టంగా ఉంటే హాని లేదని చదువుకున్నావా? ఇన్నాళ్ళూ నాతో వాదించావు. డాక్టరుతో వాదించావు. సభలో లేచి అంతమందికి చెప్పొచ్చావు. కళ్ళు కనిపించకపోతే నన్ను అడగాలి కదా."

బాబాయి నేల చూపులు చూశాడు. "నేను హాని లేదనే చదివినట్టు గుర్తే. కళ్ళు మసకబారాయి కదా, ఏదో పక్క గడి చూసుంటాను." తర్వాత చెక్కలక్క వైపు తిరిగి, క్షమించమన్నట్టు నవ్వాడు. "అనవసరంగా నీ పేరు చెప్పి ఊరంతా చాటాను అమ్మాయ్. నీకు చెడ్డపేరు తెచ్చాను."

ఆ మాట వినగానే చెక్కలక్కకి నేల చీలితే బాగుండుననిపించింది. గడి నింపినప్పటి సిగ్గు ఒకటి, వేదిక మీద నోరు మూసుకున్న సిగ్గు ఇంకొకటి. వాటిని ఎలాగోలా మోస్తూ వచ్చింది. కానీ తను చాటుగా దిద్దిన దిద్దుబాటు ఈ పెద్దాయన్ని పెళ్ళాం ముందు గుడ్డివాణ్ణి చేసి నిలబెట్టింది. తను ఊరుకుంటే ఆయన ఆ నేరం కూడా నెత్తినేసుకుని పోతాడు. ఊరుకోవడం ఎంత సులువో కూడా ఆమెకి కనిపించింది. అది అన్నిటికంటే ఎక్కువ సిగ్గనిపించింది.

"మీరు సరిగ్గానే చదివారు బాబాయీ" అంది. "హాని లేదనే ఉండేది. నేనే రాశాను. ఎవరూ పరీక్ష చేసి చెప్పలేదు, నాకెక్కడా దొరకలేదు. ఖాళీ బాగాలేదని నింపేశాను. సభలో మీరు దగ్గినప్పుడే నాకు తెలిసింది. మైకు నా ముందే ఉంది, చెప్పలేదు. ఇంటికెళ్ళి ఎవరికీ తెలీకుండా మార్చేశాను. మీ కళ్ళకేం కాలేదు."

బాబాయి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

ఆయన భార్య ఫోన్ లేత్ మీద పెట్టింది. "ఇప్పుడు మా ఆయన్ని నేనేమన్నానో విన్నావుగా" అంది.

"విన్నాను పిన్నీ."

"నేను నీకు ఫోన్ చేసి బతిమాలాను. నీ మాట వింటాడని."

చెక్కలక్క స్టూలు మీదనుంచి లేచి నిలబడింది.

"ఇలాగ నింపినవి ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు బాబాయి. గొంతులో కోపం లేదు, అభిమానం కూడా లేదు. అడితిలో ముక్కుమొహం తెలియనివాణ్ణి ధర అడిగినట్టు అడిగాడు.

"ఉన్నాయి."

"చెప్పు."

చెప్పింది. ఒక్కో పేరు చెబుతుంటే ఆయన తలాడించాడు. ఒక పేరు దగ్గర చెయ్యెత్తి ఆపాడు. "అది గుమ్మాలు చేసే అన్నదమ్ములు వాడుతున్నారు. మూసేసిన గదిలో సానబడతారు. నేనే చెప్పాను వాళ్ళకి, పేజీ చూసి కొనుక్కోండని." ఆయన వెళ్ళి, లేత్ స్విచ్చి కాదు, గోడమీది మెయిన్ స్విచ్చే ఆపేశాడు. "నువ్వు వెళ్ళు అమ్మాయ్. వాళ్ళకి చెప్పు. నేను చెప్పింది నేను చెప్పుకుంటా, నీది నువ్వు చెప్పుకో."

ఆమె అక్కడినుంచి నేరుగా ఆ అన్నదమ్ముల దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు విని, ఏమనాలో తెలియక, టీ తాగుతావా అని అడిగారు. తిట్టినా బాగుండేదనిపించింది. ఇంటికి వచ్చి పేజీ తెరిచి, అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో రాసింది. ఏయే చెక్కల నుసికి హాని లేదని తను రుజువు లేకుండా రాసిందో, దాన్ని నమ్మి ఒక పెద్దాయన జబ్బుపడ్డాడనీ, తర్వాత ఎవరికీ చెప్పకుండా దాన్ని మార్చిందనీ, ఆ చెక్కలు వాడేవాళ్ళు వెంటనే మూతికి మాస్కు పెట్టుకోవాలనీ రాసింది. తమ్ముడు ఫోన్ చేశాడు.

"చాటుగా మార్చానన్నది కూడా పెట్టాలా అక్కా? ఆ ఒక్క ముక్క తీసేయొచ్చుగా."

"ఆ ఒక్క ముక్క తీసేస్తే మళ్ళీ అదే పని చేసినట్టు."

సంఘం అధ్యక్షుడు ఇంటికే వచ్చాడు. సన్మానం చేసి ఎన్నాళ్ళో కాలేదు, సంఘం పరువు పోతుంది, ఆ రాత కిందికైనా జరపమన్నాడు. ఆమె పెట్టెతో సహా చిత్రికను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వద్దన్నా వినలేదు. రాత అక్కడే ఉంది.

ఫోన్లు తగ్గిపోయాయి. కొందరు చేసి నోటికొచ్చినట్టు తిట్టారు, ఆమె విన్నది. కొందరు జాలిగా మాట్లాడారు, అది వినడం కష్టమైంది. ఎక్కడో దూరంగా కుర్చీలు చేసే ఒక అమ్మాయి ఫోన్ చేసి, "నుసి సంగతి సరే, మీ ఉబ్బు కొలతలు మాత్రం నమ్మొచ్చా?" అని మొహమాటపడుతూనే అడిగింది. చెక్కలక్కకి కోపం రావాల్సింది, రాలేదు. అవి తను కొలిచినవే, సరైనవే. అయినా నమ్మమని చెప్పడానికి నాలుక తిరగలేదు. "మళ్ళీ కొలిచి చెబుతానమ్మా" అంది. అరల్లో ముక్కలన్నీ కిందికి దించి, నానబెట్టి, ఆరబెట్టి, మొదటినుంచీ కొలవడం మొదలుపెట్టింది. సాయంత్రాలు భర్త పక్కన కూర్చుని తూకం చూసేవాడు. ఆమె కొలత చెప్పాక ఆయన చేత కూడా కొలిపించుకునేది. పాత కొలతలే వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ మనసు కాస్త తేలికపడుతుందనుకునేది. పడలేదు.

బాబాయి తేనెచెక్కంతా అడితికి తిప్పి పంపేశాడని తెలిసింది. మిషన్ ముట్టకుండా కొన్ని నెలలు ఇంట్లో కూర్చున్నాడనీ, తర్వాత పాతకాలం నుంచీ ఎరిగిన చెక్కతోనే, మూతికి మాస్కు పెట్టుకుని, రోజుకి కొద్దిసేపు పనిచేస్తున్నాడనీ అడితిలో ఎవరో చెప్పారు. ఆమె అటువైపు వెళ్ళలేదు. వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఒకసారి మందుల షాపు దగ్గర ఎదురుపడ్డాడు. ఆమె పక్కకి తప్పుకోబోయింది. ఆయన ఆగి, "బాగున్నావా?" అన్నాడు. అమ్మాయ్ అనలేదు.

ఒకరోజు పొద్దున్నే ఆమె ఓవెన్లోంచి ముక్కలు తీస్తుండగా ఫోన్ మోగింది. బాబాయి భార్య.

"మీ బాబాయి ఈసారి గొట్టంలోకి పోయినసారికంటే ఎక్కువ ఊదాడు. పూర్తిగా బాగవదట. కానీ ఇంకా పాడవదని చెప్పాడు డాక్టరు. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాడు."

"అవునా పిన్నీ" అంది చెక్కలక్క. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరే ఫోన్ చేసి చెప్పారు, సంతోషం. నేను ఒకసారి వచ్చి..."

"రావొద్దు. నాకింకా కోపం పోలేదు. పోతుందో లేదో తెలీదు. నీకు చెప్పాలనిపించింది, చెప్పాను. అంతే."

ఫోన్ పెట్టేసింది.

పనికి బయల్దేరుతున్న భర్త గుమ్మం దగ్గర ఆగి ఎవరని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆరిన ముక్కలు ఒక్కొక్కటే తూకం మీద పెట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, అంకె చదివింది.